టక్కుమన్నాక ఒక ప్రార్థన

మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో ఒక ఇంటి ప్రార్థన కూటంలో వాక్యం చెప్తున్నాను. గొంతు పెంచే చెప్తున్నాను. నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, వాక్యం మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. జేబులో ఫోను వణికింది. కూటంలో ఫోను ఎత్తే అలవాటు లేదు. అది ఆగకుండా వణుకుతుంటే మాట మధ్యలో ఆపి ఎత్తాను. అత్త గొంతు. ఏడవడం లేదు.

"అల్లుడా, మీ మామ సూర్యాపేట దవాఖానల పానం ఇడిసిండు. నువ్వు జర జల్ది రా. తుపాకి ఇంట్లనే ఉన్నది. ఎవ్వల్నీ ముట్టనియ్యలే."

మొగుడు పోయిన గడియలో తుపాకి ఊసెందుకని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తుపాకి ఎక్కడ ఉంది, ఎటు తిరిగి ఉంది, తెరిచి ఉందా మూసి ఉందా అన్నది తెలియకుండా ఎవరూ గడప దాటలేదు. ఆయన నేర్పిన పద్ధతి అది. ఆయన పోయాక కూడా ఆమె తప్పలేదు.

మామ అంటే మేనమామ కాదు, ఊరి వరస. గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. ఫౌజులో చేసి తిరిగి వచ్చాడు. ఆత్మకూర్ (ఎస్) మండలంలో మా ఊళ్లో నా పల్లి చేనూ ఆయన పల్లి చేనూ ఒకే గట్టు. మా కూటానికి ఆయన ఒక్కసారి కూడా రాలేదు. ఆయన ఇంట్లో దేవుళ్ల పటాలు ఉన్నాయి. మన కూటం పత్రికలో ఈయన గురించి ఎందుకని అడిగేవాళ్లు అడగండి. తుపాకి పట్టినవాణ్ని తలుచుకోవడం వాక్యం చెప్పేవాడికి తగునా అని కూడా అడగండి. నా సంచిలో గ్రంథం ఎప్పుడూ ఉంటుంది, దాని మీద చెయ్యి వేసే జవాబు చెప్తాను. అందులో కాపరి ఉన్నాడు. కాపరి చేతిలో దుడ్డుకర్ర ఉంది. ఆ కర్ర ఎందుకుందో నాకు తెలియజెప్పినవాడు ఈయనే.

ఒక ఆదివారం నేను మైకులో కాపరి కర్ర గురించి మండిపోతూ చెప్పాను. దారి తప్పిన గొర్రె వీపు మీద ఆ కర్ర పడుతుందని, పడి తీరుతుందని అరిచాను. మైకు కనుక ఊరంతా వింది. మరునాడు గట్టు మీద మామ నన్ను ఆపాడు.

"ఎన్నడన్న గొర్లు కాసినవా, అల్లుడా?"

కాయలేదన్నాను.

"తెలుస్తనే ఉన్నది. కర్ర గొర్రె దిక్కు ఉండదు. తోడేలు దిక్కు ఉంటది."

అంతే అన్నాడు. అప్పటినుంచి ఆ వాక్యం నేను వేరేగా చెప్తున్నాను. మీలో చాలామంది విన్నారు. అది ఎవరి మాటో ఇవాళ తెలుసుకోండి.

తుపాకి సంగతి చెప్పాలి. మా దిక్కు అడవి పందులు ఎక్కువయ్యాయి. రాత్రి దిగి పల్లి చేను దున్నినట్టు తవ్వేసి పోతాయి. వాటిని కొట్టడానికి పంచాయతీ అనుమతి తెచ్చుకుంది. ఊళ్లో తుపాకి లైసెన్సు ఉన్నది మామకే. ఆయన దగ్గర ఉన్న పాత తుపాకి పాడైపోతే, కోదాడలో ఒక రిటైరైన బ్యాంకు గార్డు దగ్గర వాడిన పంపు తుపాకి ఒకటి కొని లైసెన్సులో ఎక్కించుకున్నాడు. గొట్టం కింది కట్టెపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే పాత తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. అందుకే దాన్ని పంపు తుపాకి అంటారు.

దాన్ని కింద పెట్టే ముందు ఆయన తూటా గదిని మూసే బోల్టును వెనక్కి లాగి, ఆ గదిలో చిటికెన వేలు పెట్టి చూసుకునేవాడు. కళ్లతో చూసింది చాలదు, వేలితోనూ చూడాలి. తర్వాత బోల్టు తెరిచే ఉంచి గోడకు ఆనించేవాడు. నోరు తెరిచిన తుపాకి ఖాళీ అని ఇంటికి వచ్చిన ఎవరికైనా కనబడాలని. తూటాలు వేరే పెట్టెలో, వేరే అర్రలో. "తుపాకి ఖాళీగున్నదని నేను చెప్పినా నమ్మొద్దు" అనేవాడు.

ఇంకొక నియమం ఉంది. ట్రిగ్గర్ నొక్కితే పేలకుండా టక్కుమని ఊరుకుందనుకోండి. వెంటనే గొట్టం దించకూడదు, బోల్టు తెరవకూడదు, ముందుకు ఎవరూ పోకూడదు. లోపల మందు ఆలస్యంగా అంటుకుని పేలవచ్చు. ఎంతసేపు ఆగాలని అడిగాను. నా సంచి వైపు చూశాడు.

"నీ ప్రార్థన ఒకటి పెద్దగ కాదు, లోపల్నే చెప్పుకో. ఉరుక్కుంట చెప్పకు. అది అయ్యేదాక గొట్టం దించ."

పందుల కావలికి నన్ను వెంట తీసుకుపోవడం అందుకే మొదలయింది. కొన్నాక మొదటి ఎండాకాలం, వానకాలం ఆ తుపాకి ఒక్కసారి కూడా టక్కుమనలేదు. చలికాలం వచ్చాక టక్కుమనసాగింది. నేను ప్రార్థన చెప్పుకునేవాణ్ని, ఆయన గొట్టం మట్టికట్ట వైపు పెట్టి కదలకుండా నిలబడేవాడు. నేను ఆమెన్ అన్నాక తూటా బయటికి తీసేవాడు. ఫౌజు మనిషీ, వాక్యం మనిషీ అలా మంచులో ఒకే పని చేస్తూ నిలబడేవాళ్లం. అప్పట్లో అది నాకు నవ్వులాటలానే ఉండేది.

ఒక తెల్లవారి నవ్వు పోయింది.

పుష్యమాసం మంచు. పక్క చేను కౌలు రైతు గట్టు మీద వస్తున్నాడు. తుమ్మ పొదల్లోంచి ఒక పెద్ద మగ పంది బయటికి వచ్చి ఆయనకు ఎదురు నిలబడింది. మామ పక్కకు జరిగి, మనిషి వరసలో లేకుండా చూసుకుని గురి పెట్టాడు. నొక్కాడు. టక్. పంది రైతు మీదికి దూకింది. ఆగే వేళ కాదు. మామ తన నియమం తానే తప్పి కట్టెపిడి లాగి తోశాడు, మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్. రైతు కింద పడ్డాడు. మామ ఎడమ చేత తుపాకి గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి పట్టి పరిగెత్తాడు, భుజం మీది గొంగడి లాగి పంది తల మీద విసిరాడు. కళ్లు కనబడక అది గొంగడితో సహా పొదల్లోకి పోయింది. అప్పుడు కూడా ఆయన గొట్టం దించలేదు. "చెప్పు, చెప్పు" అన్నాడు నాతో. రైతు తొడ నుంచి నెత్తురు పోతోంది. రుమాలుతో కట్టు కడుతూ నేను ప్రార్థన చెప్పాను. నా జీవితంలో అంత కష్టంగా ఆమెన్ అన్నది లేదు.

రైతు బతికాడు. సూర్యాపేట దవాఖానలో మంచం మీద ఉండి కూడా ఎకసెక్కం మానలేదు. "మామా, నీ తుపాకి టక్కుమన్నది, నా తొడ పర్రుమన్నది. ఎవరి పని వాళ్లు చేసిండ్రు" అన్నాడు. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తన చేతుల్ని చూసుకున్నాడు.

ఆ పంది పొదల్లోనే ఉంది. కలుపు తీసే ఆడవాళ్లు తెల్లవారకముందే చేలల్లోకి దిగుతారు. వాళ్లలో అత్త కూడా ఉంటుంది. వేరే ఊరినుంచి తుపాకి ఉన్న మనిషిని పిలిపించడానికి ఆలస్యం అయ్యేట్టుంది. కలుపు ఆగదు, పంది ఆగదు. చేల గట్టు మీద తప్పెట కొడుతూ కొందరిని కాపలా పెట్టారు. ఆడవాళ్లు దడుచుకుంటూనే వంగి కలుపు తీశారు. మామ చేతిలో ఉన్నది పేలుతుందో పేలదో తెలియని తుపాకి. నమ్మకం లేని తుపాకి అసలు లేని తుపాకి కంటే చెడ్డదని ఆయన అనేవాడు. లేనప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటాడు.

పేలని తూటాలను జేబులో వేసుకుని ముందు కోదాడ పోయాం. తుపాకి అమ్మిన పాత గార్డు అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "ఇన్నేళ్లు నా దగ్గరుందండీ, ఒక్కసారి కూడా మోసం చేయలేదు. ఫౌజు వాళ్లకి రైఫిల్ తప్ప ఇంకోటి ఆనదు కదా" అన్నాడు. మామ మాట తిప్పి కొట్టలేదు. దీన్ని ఎట్లా కడిగేవాడివి, ఏ నూనె వేసేవాడివి అని అడిగాడు. మిషన్ నూనె, అదీ చుక్క, తర్వాత తుడిచేయడమే అన్నాడు ఆయన.

మధ్యాహ్నం ఊరికి వచ్చి మట్టికట్టకు గురిపెట్టి చూశాడు. పేలింది. మళ్లీ పేలింది. తెచ్చిన కొత్త తూటాలూ పేలాయి, పాతవీ పేలాయి. మామ ముఖం మరింత నల్లబడింది. పేలకపోతే తప్పు దొరుకుతుంది. పేలుతుంటే దేన్ని పట్టుకోవాలి? మరునాడు తెల్లవారి అదే కట్టకు గురిపెట్టాడు. టక్.

మిర్యాలగూడలో తుపాకులు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆయన పేలిన తూటానూ పేలనిదాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూసి మాకూ చూపించాడు. పేలినదాని వెనక, ట్రిగ్గర్ నొక్కితే బోల్టులోంచి వచ్చే సూది గుద్దిన గుంట లోతుగా ఉంది. పేలనిదాని మీద గోరు గీసినట్టు మచ్చ మాత్రమే. తూటా తప్పు కాదు, సూది సరిగ్గా గుద్దడం లేదు, ఉంచిపోతే విప్పి చూస్తానన్నాడు. ఉంచిపోవాలంటే కాగితాలు కావాలి, రోజులు కావాలి. మామ బతిమాలితే బోల్టు విప్పే తీరు చేతులతో చూపించి పంపాడు. బస్సులో మామ దారి పొడుగునా కళ్లు మూసుకుని వేళ్లతో గాల్లో బోల్టు విప్పుతూ కూర్చున్నాడు. పక్క సీటామె భయపడి లేచి పోయింది.

మరునాడు పొద్దున్నే అత్త చేనుకు పోతూ తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా తీసింది. చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. ఏ ఇంట్లోనైనా ఈ కాలంలో చేసేదే ఆమె చేసింది. సీసాను ప్రహరీ మీద ఎండ తగిలే చోట పెట్టి, "ఇప్పుడు కరగది, వచ్చినంక రాసుకుంట" అని పోయింది. మామ ఆ సీసాను చూస్తూ ఉండిపోయాడు. నేను మాట్లాడితే చెయ్యి ఎత్తి ఆపాడు. ఎండ ఎక్కింది. తెల్లటి గడ్డ అంచుల్లో నీరయింది, నూనెలో గడ్డ తేలింది, తర్వాత గడ్డే లేదు.

"పొద్దుగాల పేలది. పగటీలి పేల్తది" అన్నాడు మామ. లేచి లోపలికి పోయాడు.

తుపాకి తెచ్చి వేలు పెట్టి చూసుకుని, బోల్టు తీసి, ముసలాయన చూపినట్టు విప్పాడు. సూది నడిచే సన్నటి దారి నిండా మైనంలా ఏదో పేరుకుని ఉంది. స్టీలు గిన్నెలో కిరోసిన్ పోసి అందులో వేసి కుంచెతో రుద్దాడు. కిరోసిన్ పసుపురంగు తిరిగింది. వాసన చూశాడు. నాకు ఇచ్చాడు. కిరోసిన్ కంపులోనూ తెలిసింది. పసుపు. కొబ్బరినూనె.

దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు అత్త తుపాకికి పసుపు రాసింది. నీళ్లతో కలిపితే ఇనుము తుప్పు పడుతుందని, ఆలోచించి, కొబ్బరినూనెతో కలిపింది. గోడకు ఆనించిన తుపాకి ఎప్పటిలాగే నోరు తెరిచి ఉంది. ఖాళీ అని అందరికీ కనబడాలని ఆయన తెరిచి ఉంచే నోరు. మొగుణ్ని కాపాడేది కనుక ఆమె దాని నోట్లోనూ ఇంత పోసింది. పైన ఉన్నది ఆయన వారం వారం తుడుస్తూనే ఉన్నాడు. లోపలికి దిగింది ఎండలో కరిగి సూదిని పోనిచ్చింది, చలిలో గడ్డకట్టి పట్టుకుంది.

నా నోట్లో వాక్యం అప్పుడే పుట్టింది. నన్ను మీరు ఎరుగుదురు. పూజ చేసిన చేతులే మనిషి ప్రాణం మీదికి తెచ్చాయని, మైకు ముందు ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ ఆగాలో కూడా నాకు కనబడింది. మామ నా ముఖం చదివాడు.

"అల్లుడా, నీ వాక్యానికి నా పెండ్లాం చేతులే దొరికినయా?"

నేను చూపు కిరోసిన్ గిన్నె మీదికి దించుకున్నాను.

"నేను తుపాకి తెరిసి పెట్టిన. ఆమె పేమతోని పోసింది. ఇండ్ల ఎవల్ది తప్పు? ఈ సంగతి ఆమెకు తెల్వొద్దు. ఆ కౌలాయిన నెత్తురు ఆమె చేతుల మీదికి నేను తేను, నువ్వు తేవు. నీ గ్రంథం మీద చెయ్యేసి చెప్పు."

వేశాను. చెప్పాను. అతిక్రమాలను కప్పడం గురించి నేను ఎన్ని కూటాల్లో చెప్పానో లెక్కలేదు. ఎట్లా కప్పాలో ఆ వాకిట్లో, కిరోసిన్ గిన్నె ముందు చూశాను. ఆయన సూదిని ఆరబెట్టి, పొడి గుడ్డతో తుడిచి, మిషన్ నూనె చుక్క మాత్రం రాసి, మిగిలింది కూడా తుడిచేశాడు. పచ్చబడ్డ కిరోసిన్‌ను పెరట్లో పారబోశాడు.

మర్నాడు తెల్లవారకముందే తుపాకితో వాకిట్లో మంచులో కూర్చున్నాడు, ఇనుము చలి పట్టాలని. తర్వాత మట్టికట్ట. గురిపెట్టి నొక్కాడు. పేలింది. చేలమీది కొంగలన్నీ లేచాయి. మళ్లీ పేలింది. ఆయన గొట్టం దించి, బోల్టు తెరిచి, వేలు పెట్టి చూసుకుని, అప్పుడు మాత్రం గట్టు మీద కూలబడ్డాడు.

పంది ఆ వారంలోనే వచ్చింది. ఆడవాళ్లు చేలో వరసగా వంగి ఉన్నారు. అత్త ఆ చివర ఉంది. పొదల్లోంచి వచ్చిన పంది తప్పెట చప్పుడుకు బెదిరి వెనక్కి పోకుండా నేరుగా ఆమె వైపే తిరిగింది. మామ గురిపెట్టాడు. గొట్టానికీ పందికీ మధ్య అత్త. పక్కకు జరగడానికి జాగా లేదు, ఒక పక్క మిగతా ఆడవాళ్లు, ఒక పక్క కాలువ. నేను గ్రంథాన్ని రొమ్ముకు అదిమి పట్టుకున్నాను. లోపల ఒక్క మాట రాలేదు.

"కూసో" అన్నాడు మామ. గట్టిగా కూడా కాదు.

అత్త వెనక్కి తిరిగి చూడలేదు, ఎందుకని అడగలేదు. పల్లి సాళ్ల మధ్య కూర్చుని తల వంచి నేలకు ఆనించింది. ఆమె కొప్పు మీదుగా తూటా పోయింది. పంది ముందుకాళ్ల మీద పడింది. మామ గొట్టం దాని మీదనే ఉంచాడు, అది కదలడం మానేదాకా. తర్వాత అత్త లేచి చీర దులుపుకుని, "చెవి పోయింది నాది" అన్నది. ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. కొందరు ఏడుస్తూ నవ్వారు.

తర్వాతి దసరాకు నేను చూశాను. మామ తుపాకి ఇనుమంతా పాత తువ్వాలతో చుట్టి, చంటిపిల్లకు చలికి చుట్టినట్టు చుట్టి, భుజానికి ఆనించే కట్టె భాగం మాత్రం బయటికి ఉంచి పటాల ముందు పెట్టాడు. అత్త మాట్లాడకుండా కట్టెకే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఆ దిక్కు చూడనట్టు నిలబడ్డాను. మాట మాటే కదా.

మట్టి కార్యం అయ్యాక తుపాకి స్టేషన్‌లో అప్పజెప్పాల్సి వచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి లేకపోతే తుపాకి ఇంట్లో ఉండకూడదు. వాళ్లు రమ్మన్న పొద్దున నేను పోయేసరికి అత్త తుపాకిని ముందేసుకుని కూర్చుంది. తువ్వాల చుట్టే ఉంది. ఆమె పండుగ కాకపోయినా కట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆయనకు కడసారి అని. నేను చూస్తున్నానని తెలిసి తలెత్తకుండానే అన్నది.

"ఇనుముకు పెట్ట, అల్లుడా. చలికి గడ్డకడ్తది."

నీకెట్లా తెలుసత్తా అన్నాను.

"కిరాసిన్ గిన్నె కడిగింది నేనే గద. పచ్చగ పట్టిపోయింది. బూడిదేసి తోమిన. కౌలాయినను జూసి ఎన్ని దినాలు బువ్వ తినలేదో నాకెరుక. నేను పరేషాన్ అయితనని మీ మామ దాసిండు. నాకెరుకైందని తెలిస్తె ఆయన పరేషాన్ అయితడని నేను దాసిన. ఇగ ఎవరికన్న చెప్పుకో. నీకు చెప్పకుంటె కడుపు ఉబ్బుతది."

అందుకే రాస్తున్నాను. ఆమె సెలవిచ్చింది కనుక రాస్తున్నాను. ఒకరి తప్పును ఒకరు కప్పుకుంటూ ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద బతికారు. ఆ కూటానికి నేను మైకు లేకుండా పోయి కూర్చుని వచ్చాను, అనుకోండి.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ తువ్వాల విప్పి, బోల్టు లాగి చూసి, మూసి, మూలనున్న ఇసుక బస్తా వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కాడు. ఖాళీ తుపాకి.

టక్.

ఆయన గొట్టం దించబోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. జర ఆగుమన్నది. ఆయన ఎందుకో ఆగాడు, పెద్దమనిషి అడిగిందనో, పసుపు ఆరని ఆ చెయ్యి చూసో. నేను కళ్లు మూసుకున్నాను. ఉరుక్కుంటూ చెప్పలేదు. బయట లారీ ఒకటి పోయింది. ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు. ఆ బల్ల దగ్గర మాత్రం ముగ్గురం కదలలేదు.

"అయిందా, అల్లుడా?"

"అయిందత్తా."

అప్పుడు ఆమె చెయ్యి తీసింది. కానిస్టేబుల్ తుపాకిని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఆ చీకట్లో ఇనుము ముందే కనబడకుండా పోయింది. కట్టె మీది కుంకుమ బొట్టు ఇంకాసేపు కనబడింది.